పగలని మందుకుండ

"కుండ తీసుకెళ్దామని వచ్చానే రుయిజెన్. రేపట్నుంచి మందు కాచుకోవాలి" అంది పొరుగింటి యాన్ వదిన, గుమ్మం ముందు గొడుగు దులుపుతూ.

"పగిలిపోయింది వదినా" అంది రుయిజెన్.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఒక క్షణం ఆమెకే నమ్మకం కలగలేదు. కుండ ఎక్కడా పగల్లేదు. నాలుగడుగుల అవతల వంటగదిలో, బియ్యం జాడీ వెనకాల, మూత పెట్టుకుని నిక్షేపంగా ఉంది.

"అయ్యో! ఎప్పుడు?"

"ఆయన పోయిన రోజే. చెయ్యి వణికింది."

యాన్ వదిన గడప ఇవతలికి వేసిన కాలు వెనక్కి తీసుకుంది. కాలు తీయడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. నెల రోజులుగా ఆవిడ పాదాలు వాచిపోయి, గుడ్డ చెప్పుల్లో పట్టడం లేదు. మడమల దగ్గర చెప్పులు తొక్కేసి ఈడ్చుకుంటూ నడుస్తోంది.

"పోనీలే. మనిషే పోయాక కుండదేముంది. మూడేళ్ళు పొయ్యి మీదే ఉంది, దానికి మాత్రం అలుపు రాదూ?" అని రుయిజెన్ మోచెయ్యి ఒకసారి నొక్కి, వానలోకి వెళ్ళిపోయింది.

రుయిజెన్ చెవులు వేడెక్కాయి. ఆవిడ తిట్టినా బాగుండేది.

నీలిమందు సందులో పదిహేడు ఇళ్ళకీ కలిపి ఆ ఒక్క మందుకుండే. ఎవరు కొన్నారో ఎవరికీ గుర్తు లేదు. గుండ్రటి పొట్ట, ఒక పక్క పిడి, ఒక పక్క కురచ ముక్కు. లోపలంతా ఇన్నేళ్ళ వేళ్ళూ బెరళ్ళూ కాగి కాగి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. ఎవరింట్లో జబ్బు చేస్తే వాళ్ళు, ఆఖరున ఎవరు కాచుకున్నారో కనుక్కుని వాళ్ళింటికి వెళ్ళి తెచ్చుకుంటారు. జబ్బు తగ్గిందని తిరిగి ఇచ్చెయ్యడం మాత్రం ఉండదు. కుండ చేత్తో పట్టుకుని ఒకరి గుమ్మం తొక్కడమంటే, ఇదిగో నా రోగం, ఇక నువ్వుంచుకో అని చెప్పడమే. కావలసినవాళ్ళే రావాలి. వాళ్ళే లోపలికి వెళ్ళి, వాళ్ళ చేత్తోనే తీసుకోవాలి. తీసుకున్నవాళ్ళు వెళ్ళొస్తామనరు, ఇచ్చినవాళ్ళు గుమ్మం దాకా సాగనంపరు. ఇక కొత్త కుండ కొనుక్కోవడమనే మాట ఆ సందులో ఎవరూ ఎత్తరు. జబ్బుకి ఇల్లు కట్టించి గృహప్రవేశం చేయించినట్టని వాళ్ళ భయం.

మూడేళ్ళుగా ఆ కుండ రుయిజెన్ ఇంట్లోనే ఉంది. మధ్యలో ఎవరికైనా దగ్గో జ్వరమో వస్తే నాలుగు రోజులు తీసుకెళ్ళేవారు. రుయిజెన్ మళ్ళీ వెళ్ళి తెచ్చుకునేది. ఆమె భర్త హాన్‌చింగ్ ముప్ఫై ఏళ్ళు అద్దకం తొట్ల మీద వంగి పనిచేసినవాడు. వయసు మళ్ళాక ఊపిరి అందక, పగలు కుర్చీలోనూ రాత్రి దిండ్లకానుకునీ గడిపేవాడు. మందు కాగే వాసన వస్తేనే ఆయన మొహం తేటపడేది. "ఆఁ, ఎక్కించావా?" అనేవాడు, తాగినంత తృప్తిగా.

షెన్ వైద్యుడు ఏడేసి రోజులకి ఏడు పొట్లాలు కట్టేవాడు. రోజుకో పొట్లం. దాన్నే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాస్తారు. రెండు కాపులయ్యాక పిప్పిలో ఏమీ మిగలదు. దాన్ని తీసుకెళ్ళి సందులో నలుగురూ నడిచే చోట గుమ్మరిస్తారు. పోయేవాళ్ళ కాళ్ళతో పాటు జబ్బు కూడా ఊరవతలికి పోతుందని. ఏడో రోజు మళ్ళీ వైద్యుడి దగ్గరికి వెళ్ళి, దగ్గు ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, నాలిక మీద పూత ఏ రంగులో ఉంది అన్నీ చెబితే, రెండు వేళ్ళు తీసేసి మూడు ఆకులు కలిపి ఆయన కొత్త మందు రాస్తాడు.

ఆఖరిసారి కూడా షెన్ గారు అదే అన్నాడు. "ఈ ఏడు పొట్లాలూ అయ్యాక రా. మార్చి రాస్తాను."

రుయిజెన్ వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో ఇప్పటికీ తనకి తాను సరిగ్గా చెప్పుకోలేదు. వాన అనుకుంది. మోకాలనుకుంది. అసలు సంగతేమిటంటే, ఆ పొద్దున పొయ్యి ముందు కూర్చుని, ఇక ఈయన బతకడు అని ఆమె తీర్మానించేసింది. వైద్యుడు చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళు అదే కుండ, అదే మూత, అదే దగ్గు. ఒళ్ళు విరిగిపోయింది. అయిపోతే బాగుండునన్న మాట ఒకటి, పిలవకుండానే వచ్చి మనసులో కూర్చుంది. అలాగని మందు లేదని ఆయనతో చెప్పడానికి నోరు రాలేదు. అందుకని నిన్నటి పిప్పి మీదే నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టింది.

అలా ఆరు రోజులు. రంగు రావడానికి కాస్త మాడ్చిన బెల్లం, వాసనకి ఒక అతిమధురం ముక్క. మూడో రోజుకి వేళ్ళు తెల్లబడి, నానిన అట్టముక్కల్లా తయారయ్యాయి. హాన్‌చింగ్ గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగి, "మందు తీపెక్కిందే! తీపి తగిలిందంటే ఒంటికి పడుతున్నట్టే. షెన్ గారు ఈసారి బాగా మార్చాడు" అన్నాడు. "అవును, బాగా మార్చారు" అంది రుయిజెన్. ఆ ఆరు రోజులూ గడిచిన మర్నాడు పొద్దున ఆయన లేవలేదు. పిప్పి ఇంకా కుండలోనే ఉంది. అప్పట్నుంచీ ఆ మూత ఎవరూ తియ్యలేదు.

సంతాపం పాటించే ఏడో ఏడు దాకా, అంటే నలభై తొమ్మిది రోజులూ, వచ్చినవాళ్ళంతా ఆమెని పొగిడారు. మూల ఇంటావిడ, ఇంటిపేరు ‘లో’ కాబట్టి అందరికీ లో పిన్ని, అయితే తన కోడల్ని రెక్క పట్టుకుని తెచ్చి ఎదురుగా నిలబెట్టింది. "చూసి నేర్చుకోవే. మూడేళ్ళు! కుండ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక్క పూట కాపు తప్పలేదు. నువ్వు మీ ఆయనకి అల్లం నీళ్ళు పెట్టమంటేనే అరగంట మూలుగుతావు." రుయిజెన్ తల వంచుకుంది. దుఃఖమనుకున్నారు.

యాన్ వదిన వచ్చింది కుండ కోసం. వస్తే సరాసరి వంటగదిలోకి నడుస్తుంది, మూత తీస్తుంది, చూస్తుంది. ఈ సందులో ఆడవాళ్ళందరికీ పిప్పి చూసి చెప్పడం వచ్చు, ఒక కాపుదా రెండు కాపులదా అని. ఆరు రోజులు ఉడికిన పిప్పి ఎలా ఉంటుందో చూస్తే ఇక అడగక్కర్లేదు. అందుకే పగిలిపోయింది అన్నది నోరు, ఆమెకన్నా ముందు.

మర్నాడు పొద్దున కుళాయి దగ్గర లో పిన్ని పట్టుకుంది. లో పిన్ని టోఫు అమ్ముతుంది. చేతులు ఎప్పుడూ తెల్లగా, తడిగా ఉంటాయి. నోరు మటుకు పొడిగా ఉండదు.

"కుండ పగిలిందటగా? మరి పెంకులేవే?"

"కాలవలో పారేశాను పిన్నీ."

"కాలవలోనా! మా అత్త కాచుకుంది ఆ కుండలో, మా అత్తకి అత్త కాచుకుంది. నన్ను పిలిచుంటే ఒక పెంకు దాచుకునేదాన్ని కదే. మా ఆయన ఆ కుండ మందు తాగే నన్ను పెళ్ళిచూపులకి చూడ్డానికొచ్చాడు."

"జ్వరంతో వచ్చాడు కాబట్టే నిన్ను ఒప్పుకున్నాడు" అంది వెనకాల బిందె పెట్టినావిడ. అందరూ పకపకా నవ్వారు. రుయిజెన్ కూడా నవ్వినట్టు మూతి సాగదీసింది. నీళ్ళు నిండకుండానే బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి కుండ ముందు కూర్చుంది. కడిగేస్తే సరిపోతుంది కదా అనిపించింది. కడిగి? పగిలిన కుండ బాగుపడి రాదు. కడిగి రహస్యంగా యాన్ వదిన గుమ్మంలో పెట్టి వచ్చేస్తే? జబ్బు మనిషి గుమ్మంలో మందుకుండ పెట్టడం కన్నా ఘోరం ఆ సందులో ఇంకోటి లేదు. కొత్తది కొనిస్తే? అది ఇంకా ఘోరం. ఆ కుండ ఆ ఇంటికి చేరాలంటే ఒకటే దారి. యాన్ వదినే తన కాళ్ళతో వచ్చి అడగాలి. పగిలిపోయిందన్న కుండని ఎవరు వచ్చి అడుగుతారు?

మూత మీద చెయ్యి వేసింది. తియ్యలేకపోయింది.

యాన్ వదిన ఊరుకునే మనిషి కాదు. పులుసు కాచే మట్టికుండ ఆవిడింట్లోనూ ఒకటుంది. కానీ తిండి కుండలో మందు కాస్తే ఇక జీవితాంతం మందే తిండవుతుందని ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. పాత ఎనామిల్ తప్పేలా ఒకటి అటక మీంచి దింపింది. అడుగున రెండు చోట్ల పూత ఊడి నల్లటి ఇనుము కనిపిస్తోంది. అందులో పోసింది షెన్ గారి పొట్లం.

మూడో రోజు రుయిజెన్ చిరుధాన్యం గంజి తీసుకుని వెళ్ళేసరికి, యాన్ వదిన మంచం పట్టె మీద వంగి కూర్చుని పొట్ట పట్టుకుని ఉంది. బల్ల మీద గిన్నెలో మందు కాటుకలా నల్లగా ఉంది.

"ఇదేం రంగు వదినా?"

"రంగుదేముంది. రుచి చూడు, తాళంచెవి నాకినట్టుంది." నవ్వబోయి, మధ్యలో ఆపేసి పొట్ట నొక్కుకుంది. "రాత్రంతా లోపల ఎవరో గుడ్డలు పిండుతున్నట్టే ఉందే."

"ఇనుములో కాచకూడదు కదా వదినా…"

"తెలుసులేవే. ఎందులో కాచను మరి? నా చెప్పులోనా?"

రుయిజెన్ గంజి గిన్నె బల్ల మీద పెట్టింది. ఇప్పుడు చెప్పాలి అనుకుంది. నోరు తెరిచింది కూడా. "పాదాలు వేడినీళ్ళలో పెడతావా? అల్లం, మాచిపత్రి వేసి తెస్తాను" అంది.

తెచ్చింది. పీట మీద కూర్చుని ఆ వాచిన పాదాలు తనే చెక్క బకెట్లో పెట్టి, పిక్కల దాకా రుద్దింది. వేలితో నొక్కితే పడ్డ గుంట ఎంతకీ పూడటం లేదు. యాన్ వదిన కళ్ళు మూసుకుని, "నీ చేతుల్లో ఏదో ఉందే. ఊరికే అన్నారా జనం" అంది. రుయిజెన్ తల ఎత్తకుండా రుద్దుతూనే ఉంది. నీళ్ళు చల్లారిపోయినా రుద్దింది.

అయిదో రోజున లో పిన్ని వెళ్ళి షెన్ వైద్యుణ్ణి తీసుకొచ్చింది. డెబ్భై దాటిన మనిషి. దుకాణంలో నాడి చూసే బల్ల వదిలి రావడం ఆయనకి ఇష్టముండదు. ఇంటికొచ్చాడంటే కోపంగానే వస్తాడు. రుయిజెన్ అప్పటికి అక్కడే ఉంది, దుప్పటి మడతపెడుతూ. తలుపు చాటుకి జరిగింది. హాన్‌చింగ్ పోయినప్పటి నుంచి ఆ దుకాణం ముందునించి వెళ్ళాల్సి వస్తే కాలవ అవతలి గట్టెక్కి చుట్టూ తిరిగి వెళ్తోంది.

షెన్ గారు యాన్ వదిన రెండు చేతుల నాడీ చూశాడు. నాలిక చూశాడు. గిన్నె వాసన చూశాడు. తప్పేలా తిరగేసి అడుగు చూశాడు.

"ఇనుము! నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో గొంతు చించుకుంటున్నాను. అయిదు రోజుల నుంచి నువ్వు తాగింది మందు కాదు, తుప్పు. ముల్లంగి కూడా తిన్నావా?"

"కొంచెం. ఉప్పులో ఊరేసింది."

"కొంచెమట! నేనిచ్చిన మందు వేళ్ళకి ఉన్న బలమంతా ఆ ముల్లంగి లాగేసింది. ఈ సందులో ఒక కుండుండేది, ఏమైంది?"

"పగిలిపోయిందండి" అంది యాన్ వదిన. "రుయిజెన్ దగ్గర."

షెన్ గారు వెనక్కి తిరిగి చూశాడు. "నువ్వా. అడుగుదామనుకుంటూనే ఉన్నాను. ఏడో రోజు రమ్మన్నాను, రాలేదు. పెద్దాయన్ని జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళావనుకున్నాను."

గదిలో ముగ్గురూ ఆమె వైపే చూస్తున్నారు. లో పిన్ని మొహంలో అనుమానం లేదు. ఎప్పటిలాగే వినే కుతూహలం, అంతే. యాన్ వదిన కనుబొమలు మాత్రం దగ్గరికొచ్చాయి.

"అవునండి, తీసుకెళ్ళాను" అంది రుయిజెన్.

"మంచిపని చేశావు" అన్నాడు ఆయన, ఇక ఆ సంగతి వదిలేసి. యాన్ వదినకి మళ్ళీ ఏడు పొట్లాలు రాసి, "మట్టి కుండలోనే కాచాలి. కాకపోతే దుకాణానికి వచ్చి కాయించుకో. ఈ వాపు మోకాలు దాటి పైకెక్కితే నా చేతుల్లో ఉండదు" అని చెప్పి వెళ్ళిపోయాడు.

లో పిన్ని ఆయన్ని సాగనంపడానికి వెళ్ళింది. యాన్ వదిన గోడ వైపు తిరిగి పడుకుంది.

"దుకాణం దాకా నడవలేను. పక్క సందు కుండ పక్క సందు వాళ్ళదే, వాళ్ళివ్వరు. కొత్తది నేను కొనను. చాల్లే రుయిజెన్, ఇక ఆపేస్తాను. పొట్లాలు లో పిన్నికిచ్చెయ్యి, వెనక్కి ఇచ్చేస్తుంది."

"అలా అనకు వదినా."

"అరవై మూడేళ్ళు. ఇంకా ఎవరి కోసం కాచుకోవాలి? నువ్వు కాచేటప్పుడు ఎదురుగా ఒక మనిషున్నాడు. నాకెవరున్నారు?"

రుయిజెన్ బయటికొచ్చింది. ముసురు ఆగలేదు. తన ఇంటికి ఇరవై అడుగులు. ఆ ఇరవై అడుగుల్లో ఆమెకి రెండు లెక్కలూ స్పష్టంగా కనిపించాయి. చెబితే, ఈ సందులో ఆమె మూడేళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. చెప్పకపోతే, యాన్ వదిన కాళ్ళలో నీరు పైకెక్కుతుంది. ఇంతకు ముందు ఒకసారి ఇలాగే పొయ్యి ముందు కూర్చుని ఒక మనిషి బతకడని తీర్మానించింది. ఇప్పుడు ఇంకో మనిషి గురించి అదే చేస్తోంది, నోరు మూసుకుని. గుమ్మం దాకా వెళ్ళి, తాళం తియ్యకుండానే వెనక్కి తిరిగింది.

యాన్ వదిన లేచి కూర్చుని, వాచిన పాదాలు పీట మీద పెట్టుకుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. మందు మానేసినా కూర మానలేదు.

"గొడుగు మర్చిపోయావా?"

"కుండ పగల్లేదు వదినా."

"ఏ కుండ?"

"మందుకుండ. ఇంట్లోనే ఉంది. బియ్యం జాడీ వెనక."

యాన్ వదిన చేతిలో చిక్కుడుకాయ సగం చీలి ఆగింది. "మరి పగిలిందన్నావు?"

చెప్పింది. నిలబడే చెప్పింది. కూర్చోమని ఆవిడ అనలేదు. ఏడో రోజు వెళ్ళకపోవడం, పిప్పి మీద నీళ్ళు, బెల్లం, తీపెక్కిందని ఆయన సంబరపడటం, జిల్లా ఆసుపత్రి అబద్ధం. ఏడుపు వస్తే కాస్త సులువయ్యేది. రాలేదు. మాట ఎవరిదో చీటీ చదివినట్టు వచ్చింది.

"ఎన్ని రోజులు?"

"ఆరు."

యాన్ వదిన ఒలిచిన గింజలు గిన్నెలో వేసింది. ఇంకో కాయ తీసుకుంది.

"మా ఆయన పోయే ముందు నెల రోజులు నేను మందు ఆపేశాను, తెలుసా నీకు?"

"తెలీదు వదినా."

"ఎవరికీ తెలీదు. ఇక నా వల్ల కాదయ్యా అని ఆయనతోనే చెప్పాను. సరే అన్నాడు. ఎనిమిదేళ్ళయింది. ఆ 'సరే' ఇంకా ఇక్కడే ఉంది." గొంతు చూపించింది. "రోజూ మీ గుమ్మం ముందునుంచే కూరలకి పోయేదాన్ని. మీ పొయ్యి మీంచి వాసన వచ్చేది. చూడు, అదీ ఇల్లాలంటే, నువ్వూ ఒక పెళ్ళానివేనా అని నన్ను నేను తిట్టుకుంటూ పోయేదాన్ని. ఆ ఆఖరి వారమైతే, మరీ మాడిన తీపి వాసన… ఈవిడ ఎంత శ్రద్ధగా కాస్తోందో అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను." తల ఎత్తింది. "అంటే నేను సిగ్గుపడి చచ్చింది నీ కుళ్ళు పిప్పి వాసన చూసా?"

యాన్ వదిన గింజల గిన్నె పక్కకి తోసింది.

"షెన్ గారికి చెప్పావా?"

"లేదు."

"ఆయనకి చెప్పకుండా నాకెందుకు చెప్పావు ముందు? నేనైతే నడవలేను, ఎక్కడికీ వెళ్ళి చెప్పలేననా?"

"కాదు వదినా, నువ్వొచ్చి అడిగితే గానీ కుండ…"

"వెళ్ళు. వర్షంలో తడుస్తున్నావు" అంది యాన్ వదిన. రుయిజెన్ గదిలోనే ఉంది. తడవడం లేదు. ఆ మాటకి అర్థం వెళ్ళు అన్నంత వరకే.

మర్నాడు వాన తెరిపిచ్చింది. పొద్దున టోఫు బేరం జోరుగా ఉన్న వేళ, సందులో మాటలు ఒక్కసారి సన్నగిల్లాయి. రుయిజెన్ తలుపు తీసి చూసింది. యాన్ వదిన చేతికర్రతో వస్తోంది. ఇరవై అడుగులకి నాలుగు సార్లు ఆగింది. లో పిన్ని చేతులు తుడుచుకుంటూ పరిగెత్తి రెక్క పట్టుకోబోతే విదిలించుకుంది.

"ఎక్కడికమ్మా ఈ పెళ్ళి ఊరేగింపు?" అంది లో పిన్ని.

"కుండకి."

"ఏ కుండ? పగిలిందిగా?"

యాన్ వదిన గుమ్మం ముందుకొచ్చి, ఊపిరి పీల్చుకుని, అడగవలసిన పద్ధతిలోనే అడిగింది. "రుయిజెన్, కుండ ఉందా?"

"ఉంది" అంది రుయిజెన్. గట్టిగానే అంది. సందులో అందరికీ వినపడింది.

యాన్ వదిన లోపలికి వెళ్ళి బియ్యం జాడీ జరిపింది. కుండ ఎత్తి చూసుకుంది. మూత తియ్యలేదు. గుమ్మంలోకి తెచ్చి రుయిజెన్ చేతుల్లో పెట్టింది. "లోపలున్నది మీ ఇంటిది. నువ్వే పారబొయ్యి. కుండ నేను పట్టుకెళ్తాను."

రుయిజెన్ సందు మధ్యకి నడిచింది. మూత బిగుసుకుపోయింది. రెండుసార్లు లాగితే వచ్చింది. వంచింది. పిప్పి ముద్ద కట్టి, బూజు పట్టి, కుండ ఆకారంలోనే రాళ్ళ మీద పడింది. పడ్డాక విడింది. తెల్లగా, పీచు పీచుగా ఉంది. అది ఏ వేరో, ఏ బెరడో ఆనవాలు లేదు. ఆడవాళ్ళు దగ్గరికొచ్చి చూశారు. చూసి అర్థం చేసుకోవడానికి వాళ్ళకి ఎంతో సేపు పట్టలేదు. లో పిన్ని తన టోఫు బల్ల వైపు చూపు తిప్పుకుంది. ఆమె కోడలు మాత్రం చూపు తిప్పుకోకుండా ఆ పిప్పినీ, రుయిజెన్‌నీ మార్చి మార్చి చూసింది. లో పిన్ని మాటలకన్నా ఆ చూపే గట్టిగా తగిలింది.

రుయిజెన్ కుళాయి దగ్గర కుండ మూడుసార్లు కడిగి, నేల మీద పెట్టి పక్కకి జరిగింది. యాన్ వదిన వంగి, తన చేత్తో తీసుకుంది. వెళ్ళొస్తానని అనలేదు. అనకూడదు కూడా. కానీ అది పద్ధతి ప్రకారం అనకపోవడమో, అనబుద్ధి కాకపోవడమో రుయిజెన్‌కి తెలియలేదు. పద్ధతి ప్రకారం తనూ సాగనంపకుండా నిలబడింది. రెక్క పట్టుకుని నడిపించాలని ఉంది. ఆ వెళ్ళే వీపు వైపు చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత గొడుగు తీసుకుని బయల్దేరింది. అవతలి గట్టు ఎక్కలేదు. తిన్నగా దుకాణం ముందుకే వెళ్ళింది.

లోపల బల్ల మీద తొమ్మిదిమంది ఉన్నారు. గోడ నిండా చిన్న చిన్న సొరుగులు. ఒకాయన తక్కెడతో ఎండు గంగిరేగుపళ్ళు తూస్తున్నాడు. రుయిజెన్ చివర కూర్చుంది. ఒక్కొక్కరే లేస్తుంటే జరుగుతూ వచ్చింది. పెదవుల మీద మాటలు పేర్చుకుంది, చెరిపేసుకుంది. ఆమె వంతు వచ్చేసరికి పేర్చుకున్నవేమీ మిగల్లేదు.

షెన్ గారు నాడి చూసే చిన్న దిండు ముందుకు తోశాడు. "చెయ్యి పెట్టు."

"నాకేం లేదండి."

"ఏం లేనివాళ్ళు ఇక్కడ గంటన్నర కూర్చోరు. పెట్టు."

పెట్టింది. ఆయన మూడు వేళ్ళు మణికట్టు మీద ఆనాయి. ఆ వేళ్ళ కింద చెయ్యి ఉంచే చెప్పింది, జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళలేదని, ఏడో రోజు రాలేదని, ఆరు రోజులు ఏం తాగించిందీ. నిన్న యాన్ వదినకి చెప్పినప్పటి కన్నా తక్కువ మాటల్లో అయిపోయింది. బల్ల మీద కూర్చున్నవాళ్ళు వింటున్నారని తెలుసు. చెబుతున్నంతసేపూ నాడి ఎలా కొట్టుకుంటోందో ఆయనకి తెలుస్తూనే ఉంటుందని కూడా తెలుసు.

ఆయన కోప్పడతాడని ఎదురుచూసింది. తప్పేలా చూసి అరిచిన మనిషి. అరవలేదు.

"ఆ రోజు వచ్చుంటే ఏం మార్చి రాసేవారండి?" అని అడిగింది.

"మనిషిని చూడకుండా ఎలా చెప్తానమ్మా? నువ్వొచ్చి దగ్గు ఇలా ఉంది, నిద్ర ఇలా ఉంది అని చెప్పేదానివి. నాకు అనుమానం వస్తే నేనే వచ్చి నాడి చూసేవాణ్ణి. ఆ రోజు నాడి ఆ రోజుదే. ఇవాళ కూర్చుని ఊహించి రాసేది కాదు."

"బతికేవాడా?"

"తెలీదు."

"పోనీ, బతికేవాడు కాదని చెప్పండి."

ఆయన ఆమె మొహంలోకి కాసేపు చూశాడు. చెబితే ఈ మనిషికి రేపట్నుంచి నిద్ర పడుతుందని ఆయనకి తెలియకపోలేదు.

"అదీ తెలీదు" అన్నాడు. మణికట్టు మీంచి వేళ్ళు తీసి, కాగితం ముందుకు లాక్కుని, ఏమీ రాయకుండానే కలం పక్కన పెట్టాడు.

రుయిజెన్ చొక్కా చెయ్యి కిందికి లాక్కుని లేచింది. వెనకాల వంతు కోసం నిలబడ్డ ఆవిడ ఆమె వైపు చూడకుండా దారి ఇచ్చి, ఖాళీ అయిన పీట మీద కూర్చుంది.